తిరుగు ప్రయాణంలో తడిసిన బట్టలు

తీరం వెంబడి గంటో గంటన్నరో తిప్పి చూపించే పడవ షికారుకి చాలామంది చిన్నతనంలో ఎప్పుడో ఒకప్పుడు వెళ్లే ఉంటారు. ఏళ్లు గడిచాక ఏ కొండ పేరేమిటో, మైకులో ఏం చెప్పారో ఒక్క ముక్కా గుర్తుండదు. మిగిలేవల్లా డీజిల్ వాసన, రేవు గోడకి కట్టిన పాత టైర్లు పడవ పక్కన నలిగి చేసే కీచుమనే చప్పుడు, పెదాల మీద ఉప్పు, వెళ్లేటప్పుడు పొడిగా ఉండి వచ్చేసరికి ముద్దైపోయిన బట్టలు. వీటిలో ఒక్కటీ ఊరికే జరిగింది కాదు. కారణాలు తెలిశాక ఆ గంట మళ్లీ కళ్లముందుకొస్తుంది, ఈసారి చుక్కాని పట్టుకుని నిలబడ్డ సరంగు పక్కనుంచి.

ముందు రేవు మెట్లు. ఎక్కేటప్పుడు నాచు పట్టిన మెట్లు నాలుగైదు దిగాల్సి వచ్చిందంటే అది ఆటు వేళ. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అందుకే నిన్న పదింటికి నిండుగా ఉన్న రేవు ఇవాళ పదీ యాభైకి గానీ నిండదు. నీళ్లు ఎక్కడం కూడా ఒకే జోరుతో సాగదు. దీనికి ఒక నోటిలెక్క ఉంది: ఆరు గంటల్లో ఎక్కే మొత్తం ఎత్తుని 12 వంతులు చేస్తే గంటగంటకీ ఎక్కేది 1, 2, 3, 3, 2, 1. మొత్తం 4 మీటర్లు ఎక్కే తీరంలో నడిమి రెండు గంటల్లో గంటకి మీటరు చొప్పున పెరుగుతుంది. జారుతూ దిగి ఎక్కిన పడవలోంచి, గంట తర్వాత ఒక్క మెట్టు ఎక్కకుండానే రేవు మీద కాలు పెట్టడం చిన్నపిల్లలకి ఇంద్రజాలంలా ఉండేది. అమావాస్య, పౌర్ణమి దగ్గర రోజుల్లో అయితే ఆ ఇంద్రజాలం ఇంకాస్త పెద్దది.

చెయ్యి చాపితే కళాసీ అరచేతిని వదిలేసి మణికట్టు పట్టుకునేవాడు, గుర్తుందా? తడి అరచేతులు జారిపోతాయి. మణికట్టు మణికట్టుకి చిక్కితే ఒకరి పట్టు సడలినా రెండోవాళ్ల పట్టు ఉంటుంది. "ఆగండి, ఆగండి... ఇప్పుడు" అనడంలోనూ లెక్క ఉంది. పడవ అలతో పైకి లేచి, దిగబోయే ముందు ఒక్క క్షణం నిలుస్తుంది. అడుగు వేయాల్సింది ఆ క్షణంలో. కిందికి దిగిపోతున్న పడవలోకి అడుగేస్తే కాలికి నేల అందదు, పైకి లేస్తున్నప్పుడు వేస్తే మోకాలు అదురుతుంది. సంచీ ముందు లోపలికి అందించి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, అంచు మీద కాకుండా లోపలి పలక మీదే కాలు పెట్టాలి. పడవకీ గోడకీ మధ్య వేళ్లు పెట్టి పడవని ఆపబోవడం మాత్రం ఎన్నటికీ వద్దు. ఐదు టన్నుల బరువు మెల్లగా కదిలినా ఐదు టన్నులే.

లోపలికొచ్చాక "మీరిటు రండి, మీరటు జరగండి" అని మనుషుల్ని బస్తాల్లా సర్దేవారు. మర్యాద లేదని మొహం ముడుచుకున్నవాళ్లు కొందరు. మనిషికి 70 కిలోలు వేసుకుంటే, కొండ కనబడగానే పన్నెండు మంది ఒకే అంచుకి వెళ్తే 840 కిలోలు ఒక పక్కకి చేరినట్టు. చిన్న పడవకి అది చాలా ఎక్కువ. పైగా అదే సమయంలో అల కూడా అటే ఒరిగిస్తే అంచు నీళ్లని తాకుతుంది. లేచి నిలబడొద్దని అరిచింది అందుకే. నారింజ రంగు లైఫ్‌జాకెట్ వెనకాల మెడకి గుచ్చుకునే మెడదిండు కూడా ఊరికే పెట్టలేదు. స్పృహ తప్పినవాళ్ల మొహాన్ని నీళ్లపైకి ఎత్తి పట్టేది అదే. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ తొడగడం అప్పట్లో మామూలు, పెద్ద తప్పు కూడా. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. చెవులదాకా వచ్చేస్తే నీళ్లలో పడగానే జాకెట్ పైకి, పిల్ల కిందికి. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నదే పిల్లలకి పనికొస్తుంది.

రేవు వదిలేటప్పుడు ఒక తమాషా. వెనక్కి పోవాల్సిన పడవ ముందు కాస్త ముందుకే పోయేది. సరంగుకి దారి తెలియదేమో అని నవ్వుకున్నవాళ్లు ఉంటారు. అసలు సంగతేమిటంటే, ముందుభాగం నుంచి రేవు వైపు వెనక్కి కట్టిన మోకు ఒక్కటి ఉంచి మిగతావి విప్పేస్తారు. చుక్కానిని రేవు వైపుకి తిప్పి ఇంజిన్‌ని మెల్లగా ముందుకి వేస్తే, మోకు బిగిసి ముందుకొస టైర్లకి ఆనుకుంటుంది, తోక మాత్రం గోడ నుంచి విడిపోయి బయటికి తిరుగుతుంది. అప్పుడు ఆ మోకు విప్పి వెనక్కి లాగితే పడవ గీసుకోకుండా బయటపడుతుంది. గాలి పడవని గోడకేసి నొక్కే రోజున ఇది మరీ అక్కరకొస్తుంది. చూడ్డానికి రెండు నిమిషాల పని, చేతిలోకి రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఇక అసలు సంగతికి వద్దాం, వెళ్లేటప్పుడు హాయిగా ఉన్న సముద్రం వచ్చేటప్పుడు ఎందుకు తిరగబడింది?

చాలాసార్లు సముద్రం మారనే లేదు. పడవ తిరిగింది, అంతే. గాలి 10 నాట్లతో వీస్తోందనుకోండి, అంటే గంటకి 18.5 కిలోమీటర్లు. పడవ వేగం 8 నాట్లు. గాలి వెనకనుంచి వీస్తుంటే మొహానికి ఏమీ తగలదు, వీపుకి రెండు నాట్ల గాలి మాత్రం. అదే తిరిగి వచ్చేటప్పుడు పదీ ఎనిమిదీ కలిసి 18 నాట్లు మొహాన కొడతాయి. అలలదీ ఇదే కథ. 5 సెకన్లకోసారి వచ్చే అలలకి నడుమ దూరం దాదాపు 39 మీటర్లు. వాటితో పాటు పోతున్న పడవని ఒక్కో అల పదిన్నర సెకన్లకి గానీ దాటదు, ఊయల ఊగినట్టుంటుంది. ఎదురు తిరిగితే అవే అలలు మూడుంపావు సెకన్లకోసారి ముక్కుకి గుద్దుకుంటాయి. ప్రతి గుద్దుకీ లేచిన తుంపరని ఆ 18 నాట్ల గాలి తెచ్చి ఒళ్లో పోస్తుంది.

అందుకే మంచి సరంగు ముందు గాలికి ఎదురుగా పోతాడు. జనం హుషారుగా, పొడిబట్టలతో ఉన్నప్పుడే కష్టమంతా అయిపోవాలని. అలసిపోయి, కాస్త కడుపు తిప్పుతున్నప్పుడు గాలివాటున ఇంటికి చేరుస్తాడు. చూడాల్సిన గుహ గాలి పోయే దిక్కునే ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

దీనికి తోడు పగటి గాలి ఉంది. పొద్దెక్కేకొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. ఎండ రోజుల్లో ఇది పదకొండు పన్నెండుకి మొదలై మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ముదురుతుంది, సాయంత్రానికి చల్లబడుతుంది. పొద్దున్నే మొదటి పడవ అద్దంలాంటి నీళ్ల మీద వెళ్లిందనీ, మూడింటి పడవ వాళ్లు వాంతులు చేసుకుంటూ దిగారనీ చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు. ఒడ్డున నిలబడే ఇది కొంత కనిపెట్టొచ్చు. బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో రూపొందించిన గాలి కొలమానం ఇప్పటికీ చెల్లుతోంది. నీళ్ల మీద అక్కడక్కడ తెల్లటి నురుగు తలలు కనిపిస్తే 3, అంటే 7 నుంచి 10 నాట్లు. తెల్లతలలు తరచుగా కనిపిస్తుంటే 4, అంటే 11 నుంచి 16 నాట్లు. అప్పుడు తెరిచి ఉన్న చిన్న పడవ ఎక్కితే తడవడం ఖాయం. గాలికి ఎదురుగా నీటి ప్రవాహం ఉంటే ఇంకా పాడు. అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి.

వెనకగాలితో పోవడంలోనూ ఒక చిక్కు ఉంది, పొగ. గాలీ పడవా దాదాపు ఒకే వేగంతో పోతుంటే ఇంజిన్ పొగ ఎటూ పోలేక పడవ మీదే వేలాడుతుంది. గాలి లేని రోజున కూడా పడవ వెనకభాగంలో ఏర్పడే సుడి పొగని లోపలికి లాగుతుంది, ముఖ్యంగా ముందు తెరలు మూసి వెనక తెర తెరిచినప్పుడు. ముందువైపు కూడా తెరిస్తే గాలి ఇటునుంచి అటు నేరుగా పోతుంది. ఆ రోజుల్లో బయటికి వేలాడే మోటార్లు చాలావరకు టూ స్ట్రోక్‌వే. యాభై పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె కలిపి పోసేవారు. నీలం పొగ, నీళ్ల మీద రంగురంగుల నూనెచారలు. తలనొప్పి వస్తే సముద్రం పడలేదనుకునేవాళ్లం గానీ, సగం తప్పు ఆ పొగదే. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ మోటార్లకి ఆ వాసన లేదు. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, ఆ వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ అడుగు ఆగిపోతుంది.

కడుపు తిప్పడం గురించి. లోపలి చెవి ఊగుతున్నామంటుంది, పడవ లోపలి వస్తువుల్ని చూసే కన్ను కదలడం లేదంటుంది. మనిషిని ఎక్కువ బాధపెట్టేది గబగబా కుదిపే కుదుపు కాదు. సుమారు 5 సెకన్లకోసారి మెల్లగా పైకీ కిందికీ తేల్చే ఊపు. పెద్ద ఆవలింతలు, చల్లటి చెమట, వాగేవాళ్లు హఠాత్తుగా మౌనం, ఇవి ముందు గుర్తులు. మాత్ర వేసుకునేవాళ్లు ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకున్నది చాలాసార్లు బయటికే వస్తుంది. పొట్ట నిండుగానూ ఉండకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. కూర్చోవాల్సింది పడవ నడుమకి కాస్త వెనగ్గా, కిందుగా. పిల్లలు పోట్లాడి మరీ దక్కించుకునే ముందు సీటు అన్నిటికంటే ఎక్కువ ఎగిరే చోటు. వేగంగా పోయే రబ్బరు అంచుల పడవల్లో ముందు కూర్చుని వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లున్నారు. నడుంనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ పడవే ఎక్కకూడదు. చూపు దిగంతరేఖ మీద పెట్టాలి. కెమెరా కంట్లోంచి చూస్తూ ఉంటే మాత్రం ఎవరూ కాపాడలేరు. వాంతి తప్పనిసరైతే గాలి పోయే వైపు అంచుకి వెళ్లండి, ఎదురుగాలి వైపు వెళ్తే వెనక సీటు వాళ్లు జన్మలో క్షమించరు. స్కాట్లండ్‌లోని స్టాఫా దీవిలో, ఆరు పలకల నల్లరాతి స్తంభాల ఫింగల్స్ గుహని చూడడానికి 1829లో పడవెక్కిన సంగీతకర్త మెండెల్‌సన్‌కి కూడా ఆ సముద్రం పడలేదు. అప్పటికాయన వయసు 20. ఆ తీరం పుట్టించిన సంగీతం మాత్రం ఈనాటికీ వాయిస్తూనే ఉన్నారు. కడుపు ఒకటి గుర్తుపెట్టుకుంటే చెవి ఇంకొకటి గుర్తుపెట్టుకుంటుంది కాబోలు.

కొండ దగ్గరికి రాగానే ఇంజిన్ గొంతు తగ్గేది. అప్పటిదాకా అరుచుకుంటూ మాట్లాడుకున్నవాళ్లంతా ఒక్కసారి గుసగుసల్లోకి దిగేవారు. కొండ అంచుల్లో పక్షుల రొద, తెల్లటి రెట్టల చారలు, ఘాటైన వాసన. సరిగ్గా ఇక్కడే చాలామందికి కడుపు తిప్పేది. ముందుకి పోతున్న పడవకి ఒక నిలకడ ఉంటుంది. ఆగిన పడవ అలకి అడ్డంగా తిరిగి పక్కలకి దొర్లుతుంది. పైగా నిటారు రాతిగోడకి తగిలిన అల విరగదు, వెనక్కి తిరిగొస్తుంది. వచ్చే అలా పోయే అలా ఒకదాన్నొకటి ఎక్కితే ఎత్తు దాదాపు రెట్టింపు. దూరం నుంచి నున్నగా కనబడిన నీళ్లు గోడ దగ్గర కుండలో ఉడికినట్టు ఎగరడానికి కారణం అదే.

సరంగు అక్కడ మాటిమాటికీ వెనక్కి తొంగి చూసేవాడు. మనల్నేమో అనుకుని చెయ్యి ఊపేవాళ్లం! ఆయన చూసేది ఇంజిన్‌ని చల్లబరిచి బయటికి చిమ్మే నీటిధారని. అది సన్నబడిందంటే అడుగున నీళ్లు పీల్చే రంధ్రానికి నాచో ప్లాస్టిక్ సంచో అడ్డుపడ్డట్టు, కాసేపట్లో ఇంజిన్ కాగిపోతుంది. ఇంకో శత్రువు తెగిన వలముక్క, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే అంతే సంగతులు. మూడోది ఎవరికీ తట్టదు. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి నున్నటి నీళ్లలో కదలకుండా పడి ఉంటుంది. అలలు లేచిన రోజున కలియబడి ఫిల్టరుని మూసేస్తుంది. ఇంజిన్లు సరిగ్గా గడ్డు సమయంలోనే ఆగిపోతాయని వాపోవడం మూఢనమ్మకం కాదన్నమాట. ఆగితే ముందు చేయాల్సింది లంగరు వేయడం, మరమ్మతు తర్వాత. మోకు లోతుకి ఐదు నుంచి ఏడు రెట్లు వదలాలి. 10 మీటర్ల లోతుకి 50 మీటర్లన్నా. పొట్టిగా వదిలితే మోకు లంగరుని నేలబారుగా లాగకుండా పైకి లేపేస్తుంది. గాలి కొండవైపుకే వీస్తున్న రోజు "ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి" అని బతిమాలినా ఆయన వినకపోవడానికి అర్థం ఇదీ.

కొండ ముందు హారన్ కొట్టి ప్రతిధ్వని వినిపించడం ఇప్పుడు పిల్లల సరదాగా మిగిలింది. పూర్వం పొగమంచులో దారి తెలియనప్పుడు అది పనిముట్టు. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది. కూత తిరిగి రావడానికి 2 సెకన్లు పడితే గోడ 340 మీటర్ల దూరంలో ఉన్నట్టు.

గుహల సంగతి వేరు. గాలి లేదు, ఎండ కాస్తోంది, అయినా "ఇవాళ గుహలోకి లేదు" అంటే కోపమొచ్చేది. ఎక్కడో వందల మైళ్ల దూరంలో తుఫాను పుట్టించిన అలలు గాలి లేకుండానే ప్రయాణిస్తాయి. 10 సెకన్ల అల అయితే నడుమ దూరం 156 మీటర్లు, నడిసముద్రంలో పడవకి అది తెలియను కూడా తెలియదు. గుహ నోట్లో మాత్రం నీటిమట్టం మీటరు లేచి మీటరు దిగుతుంది. ఇటలీలో కాప్రి దీవి నీలిగుహ ద్వారం నీళ్లపైన ఉన్నదే సుమారు ఒక మీటరు. తెడ్ల పడవలో వెల్లకిలా పడుకుంటే, పడవవాడు గోడకున్న గొలుసు పట్టుకుని అల దిగిన అదనులో ఒక్క లాగు లాగుతాడు. అదను తప్పితే తల రాతికి తగులుతుంది. లోపలి నీలిరంగుకి కారణం పైన ఉన్న ద్వారం కాదు, నీళ్లకింద ఉన్న పెద్ద తెరుపు. ఎండ దానిగుండా నీళ్లలోంచి వడకట్టుకుని వస్తుంది, ఎరుపుని నీళ్లు మింగేస్తే నీలం మిగులుతుంది.

గుహ లోపల అల పగిలినప్పుడు ఫిరంగి పేలినట్టు దద్దరిల్లే మోత గుర్తుందా? బీటల్లో చిక్కుకున్న గాలిని అల ఒక్కసారిగా నొక్కి వదలడమది. అదే కొండని తినేది. బీట గుహ అవుతుంది, కొండకొమ్ముకి రెండుపక్కలా గుహలు కలిస్తే తోరణం, తోరణం పైకప్పు కూలితే నీళ్లలో ఒంటిస్తంభం, చివరికి మొద్దు. చిన్నప్పుడు ఇవన్నీ శాశ్వతం అనుకున్నాం. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో లండన్ బ్రిడ్జి అని పిలిచే రెండు కమానుల రాతివంతెన 1990 జనవరి 15న ఒడ్డుకి కలిపే వైపు కూలిపోయింది. అవతలి ముక్క మీద ఇద్దరు చిక్కుకుపోతే హెలికాప్టర్‌లో తెచ్చారు. ఆ తీరంలోనే ట్వెల్వ్ అపోసిల్స్ స్తంభాల్లో ఒకటి, దాదాపు 50 మీటర్లది, 2005 జులై 3న కుప్పకూలింది. మాల్టాలో గోజో దీవిలోని అజూర్ విండో అనే తోరణం 2017 మార్చి 8న తుఫానులో పోయింది, అడుగున స్తంభంతో సహా. గలాపగోస్ దీవుల్లో డార్విన్స్ ఆర్చ్ అనే తోరణం 2021 మే 17న కూలి రెండు స్తంభాలుగా మిగిలింది. పాత ఆల్బమ్‌లో మసకగా పడ్డ తోరణం ఫోటో పారేయకండి. దాని ముందు నిలబడి ఇంకో ఫోటో తీసే అవకాశం ఉండకపోవచ్చు.

ఆ ఫోటోలు ఎందుకంత వంకరగా వచ్చాయంటారా? 36 ఫోటోల రీల్లో ఇరవై రేవులోనే అయిపోయేవి. మిగిలినవాటిని మోచెయ్యి కమ్మీకి ఆనించి తీసేవారు. ఇంజిన్ అదురంతా కమ్మీలోంచి కెమెరాలోకి పాకేది. మోచేతులు పొట్టకి అదిమి, మోకాళ్లు కాస్త వంచి, పడవ అల నెత్తికెక్కి నిలిచిన ఆ ఒక్క క్షణంలో నొక్కాలి, ఎక్కేటప్పుడు అడుగువేసిన క్షణమే ఇదీను. అద్దం మీద ఉప్పుతుంపర పడితే పొడిగుడ్డతో తుడవకూడదు, ఉప్పు గీతలు పెడుతుంది. మంచినీళ్లతో తడిపిన గుడ్డతో ముందు అద్దాలి, తర్వాతే తుడవాలి. ఫోనుకీ ఇంతే.

డాల్ఫిన్లు కనబడితే అదృష్టం. వాటికోసం పడవని ఆపడం కంటే అదే వేగంతో, అదే దారిలో పోనివ్వడం మేలు. నీళ్లని తోసుకుంటూ పోయే ముక్కు ముందు ఏర్పడే ఒత్తిడి మీద అవి సవారీ చేస్తాయి. వేగం తగ్గిస్తే ఆట అయిపోయిందని వెళ్లిపోతాయి. వెంటపడితే అసలే రావు.

తిరిగొచ్చి తడిబట్టలు పిండుకుని, స్నానానికి వెళ్లి కళ్లు మూసుకుని తలమీద నీళ్లు పోసుకోగానే నేల మెల్లగా లేచి దిగేది. చెయ్యి దానంతటదే గోడ కోసం వెతుక్కునేది. పడవ ఊపుకి సర్దుకున్న మెదడు, ఊపు ఆగిపోయాక కూడా కాసేపు సర్దుకుంటూనే ఉంటుంది. కళ్లు తెరిస్తే ఆగిపోతుంది. ఆ రాత్రి పక్క మీద వాలాక మాత్రం, ఆగిపోకూడదని కళ్లు గట్టిగా మూసుకునే పడుకునేవాళ్లం.